బొంగరం తిరిగితే సరా... కనబడొద్దూ!

బొంగరం తిప్పడం వచ్చినవాళ్లు ఏ ఊళ్లో వెతికినా పది మంది దొరుకుతారు. దాన్ని పది మందికీ కనబడేలా తిప్పేవాళ్లు ఒక్కరు దొరకడమే కష్టం. అసలు ఈ రెండో విద్య ఒకటుందనే చాలామందికి తెలీదు. తాడు చుట్టడం, విసరడం, లాగడం, అరచేతిలోకి తీసుకోవడం... ఇదంతా చేతి పని. అది చూసేవాడి కంటికి అందేలా చెయ్యడం ఇంకో పని. మొదటిది పదేళ్లు నిండకముందే మట్టిలో ఆడుతూ నేర్చుకుంటారు. రెండోది నేర్పే బడి ఎక్కడా లేదు.

నాకు బొంగరం తిప్పడం రాదు. చూడటం మాత్రం బాగా వచ్చు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అమ్మమ్మగారి ఊళ్లో గిరికి అవతల కూర్చుని గడిపినదాన్ని మరి. గిరి గీసేది మగపిల్లలు. తాడు పట్టేదీ మగపిల్లలే. ఆడపిల్లలం అరుగు మీద చేరి జామకాయలు కొరుకుతూ చూసేవాళ్లం. ఎక్కడ కూర్చుంటే బొంగరం కనబడుతుందో, ఎక్కడ కూర్చుంటే ఆడేవాడి వీపు తప్ప ఇంకేమీ కనబడదో ఆ వయసులోనే తెలిసిపోయింది. సూర్యుడు మన వెనక ఉండాలి. ఆడేవాడి కుడిచేతి వైపు ఉండాలి. తాడు తగలనంత దూరం ఉండాలి, అంతకన్నా ఒక్క అడుగు కూడా ఎక్కువ ఉండకూడదు. ఇవీ మా అరుగు సూత్రాలు!

ఆ ఊరి బొంగరాల వీరుడు మా ఆఖరి మేనమామ. ఇప్పుడాయనకి అరవై నాలుగేళ్లు. వడ్రంగం పని. బళ్లు చేసే రోజులు పోయాక తలుపులు చేశాడు. తలుపులు కూడా తయారుగా దొరకడం మొదలయ్యాక బల్లలకీ మంచాలకీ మరమ్మతులు చేశాడు. బొంగరం మాత్రం వదల్లేదు. తుమ్మ కర్రతో తనే చెక్కుకుంటాడు. ఇనప మేకు తలకాయ కోసేసి, దిగ్గొట్టి, మొన అరగదీసి ముల్లు చేస్తాడు. విసిరిన బొంగరాన్ని నేల తాకకముందే తాడుతో వెనక్కి లాగి అరచేతిలో పడతాడు. నేల మీద తిరుగుతున్నదాన్ని తాడు మెలికలో ఎత్తి గాల్లోకి లేపుతాడు. ముల్లుకి తాడు మెలికేసి ఆ తాడు వెంబడే ఒక చేతి నుంచి రెండో చేతికి జారేలా చేస్తాడు. చివర్లో బొటనవేలి గోరు మీద నిలబెడతాడు. అప్పుడాయన మొహం చూడాలి... పసిపిల్లాణ్ణి జోకొడుతున్న తల్లిలా ఉంటుంది.

చప్పట్లు రాని సాయంత్రం

నాలుగేళ్ల కిందట ఆ చుట్టుపక్కల ఒక బడి వార్షికోత్సవానికి మామయ్యని పిలిచారు. 'మన ఆటలు' అని పావుగంట కార్యక్రమం. మామయ్య వారం రోజులు సాధన చేశాడు. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, తెల్ల లాల్చీ వేసుకున్నాడు. అత్తయ్య దిష్టి తీసింది. నేను సెలవు పెట్టి వెళ్లాను.

వేదిక నాలుగడుగుల ఎత్తు. ముందు పిల్లలు టార్పాలిన్ల మీద, వెనక పెద్దవాళ్లు కుర్చీల్లో. అంతకుముందే ఓ సినిమా పాటకి పాతిక మంది పిల్లలు డాన్సు చేసి దిగారు. నేల ఇంకా అదురుతున్నట్టే ఉంది. మామయ్య వెనక గోడంత ఫ్లెక్సీ. దాని మీద ఓ ఇరవై మంది పెద్దమనుషుల మొహాలు, వాటి చుట్టూ గులాబీ పూలు. ఆ మొహాల ముందు తెల్లబట్టల్లో ఓ సన్నటి మనిషి. ఆయన చేతిలో జామకాయంత బొంగరం. దానికి కట్టింది తెల్ల నూలు తాడు.

మామయ్య ఒక్కటి కూడా జారవిడవలేదు. తొమ్మిది రకాలు చేశాడు, తొమ్మిదీ కుదిరాయి. చప్పట్లు మాత్రం రాలేదు. ముందు వరసలో ఓ పిల్లాడు పక్కవాణ్ణి అడగడం నాకు వినిపించింది, "ఇంకా మొదలెట్టలేదేంట్రా?" అని. నాలుగో నిమిషంలో మైకు పట్టుకున్నాయన వచ్చి ధన్యవాదాలు చెప్పేసి తర్వాతి డాన్సుకి పిలిచాడు. మామయ్య బొంగరాలు సంచిలో వేసుకుని, వేదిక వెనక మెట్ల మీద నుంచి దిగాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన పచ్చడి కూడా అడగలేదు. చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు. "చెయ్యి తప్పితే సిగ్గుపడొచ్చమ్మాయ్. నేర్చుకుని మళ్లీ చెయ్యొచ్చు. చెయ్యి తప్పలేదు. మరి దేనికి సిగ్గుపడాలో తెలీటం లేదు." మర్నాడు పొద్దున్నే సంచి తీసుకెళ్లి మనవరాలికిచ్చేశాడు. "ఇక ఇవి నీ ఆటబొమ్మలే, ఉంచుకో" అన్నాడు.

ఆ పిల్ల అప్పుడు ఏడో తరగతి. సంచి వైపు చూసింది, తాత వైపు చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "పిన్నీ, నిజం చెప్పు. నీకు కనబడిందా?" అని అడిగింది.

"నాకు తెలుసు కాబట్టి కనబడింది" అన్నాను.

"నాక్కూడా. మరి తెలీనివాళ్లకి ఎలా కనబడుతుంది?"

ఆ ప్రశ్నతోనే మా పని మొదలైంది.

చందమామలో మూడో వంతు

ముందు లెక్క. మామయ్య బొంగరం అడ్డుకొలత 6 సెంటీమీటర్లు. దాన్ని 20 మీటర్ల దూరం నుంచి చూస్తే ఎంత కనబడుతుంది? ఆకాశంలో నిండు చందమామ అడ్డుకొలతలో మూడో వంతు! అంత చిన్నదాంట్లో ముల్లెక్కడుందో, తాడెక్కడుందో, అది తిరుగుతోందో లేదో చూసేవాళ్లు పోల్చుకోవాలి. అదే బొంగరం చందమామంత కనబడాలంటే 7 మీటర్ల లోపే కూర్చోవాలి. అంటే మా అరుగు నుంచి గిరి దాకా ఉన్న దూరం కన్నా కాస్త ఎక్కువ. బొంగరం అరుగు కోసం పుట్టిన ఆట. దాన్ని తీసుకెళ్లి మైదానం కోసం కట్టిన వేదిక మీద పెడితే ఎలా?

పోనీ బొంగరాన్నే పెద్దది చేస్తే? మలేసియాలో గాసింగ్ అనే బొంగరాలున్నాయి. పళ్లెంలా వెడల్పుగా ఉంటాయి. కొన్ని ఐదు కిలోల దాకా తూగుతాయి. ఎక్కువసేపు తిరగడానికి అవి భేష్. కానీ అంత బరువుని గోరు మీద నిలబెట్టలేం కదా. మామయ్య విన్యాసాలకి బొంగరం చేతిలో ఇమడాలి. కాబట్టి మరీ పెంచకుండా 8 సెంటీమీటర్లకి తెచ్చాడు. అంతకు మించితే అరచేతిలో పట్టు చిక్కదన్నాడు.

రెండోది ఎత్తు. నాలుగడుగుల వేదిక ముందు నేల మీద కూర్చున్న పిల్లాడి కళ్లు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. వేదిక మీద నేల వాడికి కనబడే ప్రసక్తే లేదు. మామయ్య తొమ్మిదింట్లో ఐదు విన్యాసాలు నేల మీద తిరిగే బొంగరంతో మొదలయ్యాయి. ముందున్న పిల్లలకి అవి లేనట్టే లెక్క. వాళ్లు చూసింది వంగుతూ లేస్తూ ఉన్న ఒక పెద్దాయన్ని! ఇంకా మొదలెట్టలేదా అని అడిగిన పిల్లాడి తప్పేం లేదు.

మందు తేలిగ్గానే దొరికింది. వేదిక వద్దు. ఆడేవాడే కింద ఉండాలి, చూసేవాళ్లు చుట్టూ మెట్లలా ఉండాలి. ముందు వరస పిల్లలు కూర్చుని, రెండో వరస పెద్దవాళ్లు స్టూళ్ల మీద, మూడో వరస నిలబడి. అర్ధచంద్రాకారంలో. ఆడేవాడి వెనక ఎవరూ ఉండకూడదు. వీధి నాటకాలు ఆడేవాళ్లు, గారడీవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నది ఇదే.

బాగా తిరిగేది తిరగనట్టే ఉంటుంది

ఇక అసలు చిక్కు. పనుల్తో ఊపిరాడకపోతే బొంగరంలా తిరుగుతున్నా అంటాం. కానీ నిజంగా బాగా తిరుగుతున్న బొంగరాన్ని చూడండి... కదలదు! నిటారుగా, నిశ్చలంగా, మేకు దిగ్గొట్టినట్టు నిలబడుతుంది. ఊగడం, తూలడం మొదలైందంటే వేగం తగ్గిందన్నమాట. అంటే విద్య ఎంత బాగా కుదిరితే కంటికి అంత తక్కువ కనబడుతుంది. గోరు మీద నిలబడిన బొంగరం దూరం నుంచి చూసేవాడికి గోరుకి అంటించిన బొంగరంలాగే ఉంటుంది. ఆయన అరవయ్యేళ్ల సాధన ఓ చుక్క జిగురులా కనబడుతోందన్నమాట!

మనవరాలు రంగుల డబ్బా తీసింది. మొదటి బొంగరానికి పైనుంచి కిందికి నిలువు చారలు వేసింది. ఏడు రంగులు, ఇంద్రధనుస్సులా. ఆగి ఉన్నప్పుడు చూడటానికి ఎంత బాగుందో! తిరగ్గానే అన్నీ కలిసిపోయి బూడిద రంగుకి తిరిగింది. పాపం పిల్ల మొహం కూడా అదే రంగుకి తిరిగింది.

అది ఆ పిల్ల ఒక్కదానికే ఎదురైన వింత కాదు. కంటి ముందు వెలుగు, చీకటి సెకనుకి 50, 60 సార్లకు మించి మారుతుంటే కన్ను వాటిని విడదీయలేదు. కలిపేసి ఒకే రంగుగా చూస్తుంది. పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ అవుతుందని డ్రాయింగు మాస్టారు చెప్పారు కదా? బొంగరం మీద పసుపు, నీలం చారలేసి తిప్పండి. ఆకుపచ్చ రాదు, బూడిద రంగొస్తుంది. రంగు నీళ్లు కలవడం వేరు, కంట్లో వెలుగులు కలవడం వేరు. స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1850ల్లో ఇలాంటి రంగుల బొంగరాన్ని తిప్పే మన కన్ను రంగుల్ని ఎలా పోల్చుకుంటుందో లెక్కలు కట్టాడు. 1894లో చార్ల్స్ బెన్‌హామ్ అనే ఇంగ్లిషాయన ఇంకో తమాషా చేశాడు. నలుపూ తెలుపూ గీతలు మాత్రమే ఉన్న బొంగరం అది. తిప్పితే లేత రంగులు కనబడతాయి. అలా ఎందుకు కనబడతాయన్న దాని మీద శాస్త్రవేత్తలు చాలాకాలం తలలు బద్దలు కొట్టుకున్నారు. మనం పిల్లల ఆటవస్తువు అనుకునే బొంగరం ఇంతమంది పెద్దలకి పాఠం చెప్పింది!

మాకు పాఠం చెప్పింది మాత్రం ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కళకి సహజ రంగులతో మళ్లీ ఊపిరి పోసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మా ఊళ్లో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక ఏటికొప్పాక బొంగరం ఉంటుంది. అత్తయ్య బీరువా మీద నుంచి అలాంటిది ఒకటి తీసిచ్చింది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. మనవరాలు వేళ్లతో గిర్రున తిప్పింది. రంగులు చెక్కుచెదరలేదు! ఆగి ఉన్నప్పుడు ఎలా ఉన్నాయో తిరిగేటప్పుడూ అలాగే ఉన్నాయి.

ఎందుకో మామయ్యే చెప్పాడు. అప్పటిదాకా మా పనిని వాకిట్లో కూర్చుని చూడనట్టు చూస్తున్నాడు. "ఆ రంగు ఆగిన కర్రకి పూసింది కాదే. అంకుడు కర్రని తరిమెన మీద గిర్రున తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. తిరుగుతుండగా పుట్టిన రంగది. తిరిగితే ఎందుకు చెడుతుంది?"

అదీ రహస్యం. నిలువు చార తిరిగితే పోతుంది. అడ్డంగా చుట్టూ వేసిన కడియం ఎంత తిరిగినా కడియమే. దాంతో మా లెక్క తేలిపోయింది. బొంగరం ఎక్కడుందో కనబడటానికి చుట్టూ వెడల్పాటి కడియాలు, పక్కపక్కనే బాగా తేడా ఉన్న రంగులు. పసుపు పక్కన నలుపు, అంతే. చాలా రంగులు వద్దు. అది తిరుగుతోందని తెలియడానికి నెత్తి మీద ఓ పక్కగా ఎర్రటి బొట్టు. ఆగి ఉన్నప్పుడు బొట్టు, తిరిగేటప్పుడు ఎర్రటి గాజు. వేగం తగ్గేకొద్దీ ఆ గాజు వణికి, విడిపోయి, మళ్లీ బొట్టవుతుంది. చూసేవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు.

తాడు, తెర, వెలుతురు

తర్వాత తాడు. విన్యాసంలో సగం తాడుదే. అది కనబడకపోతే బొంగరం ఎందుకు ఎగిరిందో, ఎందుకు వెనక్కొచ్చిందో చూసేవాడికి తెలీదు. తెల్ల తాడుని తెల్ల పంచె ముందు ఆడిస్తే పాలలో కలిపిన నీళ్లే. తాడుకి నారింజ రంగు అద్దించాం. కొంచెం లావు పెంచాం. మరీ లావైతే బొంగరం మీద చుట్లు తక్కువ పడతాయి, తిరగడం తగ్గుతుంది. అక్కడ మామయ్య మాటే చివరి మాట. పంచె మాననన్నాడు కానీ ముదురు నీలం చొక్కాకి ఒప్పుకున్నాడు. విన్యాసాలన్నీ ఛాతీ ముందు జరుగుతాయి కాబట్టి చొక్కా మారితే చాలు. వెనక ఫ్లెక్సీ బదులు అత్తయ్య పాత నల్ల దుప్పటి కట్టాం. బొమ్మలూ పూలూ మొహాలూ ఏమీ లేని దుప్పటి.

వెలుతురు సంగతి మా ఆఫీసులో ఫొటోగ్రాఫర్ చెప్పాడు. ఎదురుగా కొట్టే లైటు బొంగరాన్ని చదునుగా చేసేస్తుందట. పక్క నుంచి, కాస్త పైనుంచి పడితే దాని గుండ్రం, తాడు మెలిక స్పష్టంగా విడిపోతాయి. సాయంకాలపు ఎండ చేసే పని అదే. ఇంకో మాట కూడా చెప్పాడు. "షట్టర్ మరీ వేగంగా పెడితే తిరిగే బొంగరం ఫొటోలో చచ్చిన బొంగరంలా వస్తుంది. కాస్త నిదానంగా తీస్తేనే తిరుగుతున్నట్టు ఉంటుంది." అంతా స్పష్టంగా కనబడితే అసలు సంగతి కనబడదన్నమాట!

ట్యూబులైట్ల కింద ఇంకో చిక్కుంది. మన కరెంటు 50 సైకిళ్లది. పాతకాలం ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కొన్ని నాసిరకం ఎల్‌ఈడీ బల్బులూ అంతే. నాలుగు చారలున్న బొంగరం సెకనుకి సరిగ్గా 25 చుట్లు తిరిగే క్షణంలో ఆ వెలుతురులో చారలు ఆగిపోయినట్టు కనబడతాయి. వేగం కాస్త తగ్గితే వెనక్కి తిరుగుతున్నట్టు ఉంటాయి. గ్రామఫోను పళ్లెం సరైన వేగంతో తిరుగుతోందా లేదా చూడటానికి అంచున గీతలు పెట్టింది ఈ కిటుకుతోనే. ఫోనులో వీడియో తీసినా ఇదే తంతు. సెకనుకి 30 బొమ్మలు తీసే ఫోను బొంగరాన్ని వెనక్కి తిప్పేస్తుంది. స్లోమోషన్‌లో 240 బొమ్మలు తీస్తే తాడు ఎక్కడ మెలిక పడిందో, ముల్లు ఎప్పుడు లేచిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చూడొచ్చు. మామయ్య తన విన్యాసాన్ని బయటి నుంచి చూసుకోవడం జీవితంలో అదే మొదటిసారి. ఫోను రెండు చేతుల్తో పట్టుకుని అదే ముక్క పదకొండు సార్లు చూశాడు. "ఇలా చేస్తానా నేను?" అన్నాడు.

"గారడీ చెయ్యమంటారా?"

అంతా సవ్యంగా సాగిందనుకుంటున్నారా? లేదు. మనవరాలు లైట్లు వెలిగే బొంగరం గురించి చెప్పినప్పుడు మామయ్యకి కోపమొచ్చింది. "లైటు చూస్తారు, చెయ్యి చూడరు. అది దుకాణంలో కొనుక్కుని ఎవడైనా తిప్పుకోవచ్చు. దానికి నేనెందుకు?" అన్నాడు. ముల్లుకి బేరింగు పెట్టిన బొంగరాలొస్తున్నాయి, ఎక్కువసేపు తిరుగుతాయి అని నేనన్నా వినలేదు. ఇంకాస్త ముందుకెళ్లి, "చూసేవాళ్ల కోసం రంగులు, చూసేవాళ్ల కోసం చొక్కా, చూసేవాళ్ల కోసం దుప్పటి... రేపు చూసేవాళ్ల కోసం గంతులేయమంటారు. నేను బొంగరం ఆడటం ఎప్పుడు?" అని అడిగాడు.

ఆ ప్రశ్న తీసిపారేసేది కాదు. పక్కనున్న మనిషి కోసం ఆడితే అది ఆట. ఎక్కడో కూర్చున్న మనిషి కోసం ఆడితే అది ప్రదర్శన. ఈ రెండింటి మధ్యా ఎక్కడో ఒక గీత ఉంది. దాన్ని గీయాల్సింది చూసేవాళ్లు కాదు, ఆడేవాళ్లే. మామయ్యే గీశాడు. చేసింది కనబడేలా చెయ్యడానికి ఏదైనా సరే. చెయ్యనిది చేసినట్టు కనబడేలా చెయ్యడం మాత్రం వద్దు. ఆ ఒక్క మాటతో మా గొడవ తీరింది. కడియాలుంటాయి, నారింజ తాడుంటుంది. లైట్లు, బేరింగులు ఉండవు.

చివరగా నేర్చుకోవాల్సిందొకటి మిగిలింది. ఆగడం. మామయ్య ఒకదాని వెంట ఒకటి గబగబా చేసుకుపోతాడు. గాల్లో పట్టడం అర సెకను పని. ఎటు చూడాలో ముందే తెలీకపోతే ఎంత పెద్ద బొంగరమైనా జారిపోతుంది. జపాన్‌లో క్యొకుగొమా అని బొంగరాల ప్రదర్శన ఉంది. కత్తి అంచు మీద, విసనకర్ర అంచు మీద, బిగించిన తాడు మీద బొంగరాన్ని నడిపిస్తారు. వాళ్లు మొదలుపెట్టే ముందే ఇప్పుడు ఏం జరగబోతోందో నోటితో చెబుతారు. కత్తి చూపిస్తారు, దాని అంచు చూపిస్తారు. చూపు అక్కడికి చేరాకే బొంగరాన్ని చేరుస్తారు. మన హరిదాసు చిడతలు ఆపి ఓ క్షణం ఊరుకుంటాడే... అదే విద్య.

మామయ్య మాటల మనిషి కాదు. ఆ పని మనవరాలు తీసుకుంది. "ఇప్పుడు తాత కుడిచెయ్యి చూడండి. బొంగరం నేలని తాకదు" అని చెప్పి పక్కకి జరుగుతుంది. నిజంగా తిరుగుతోందని నమ్మించడానికి ఇంకో ఉపాయం కూడా ఆ పిల్లదే. అరచేతిలో తిరుగుతున్న బొంగరం నెత్తిన పసుపు నీళ్ల చుక్క వేస్తుంది. అది చక్రంలా నలువైపులా చిమ్ముతుంది. ముందు వరస మీద నాలుగు చుక్కలు పడితే వెనక వరసకి కూడా అర్థమవుతుంది! గోరు మీద నిలబెట్టాక స్టీలు పళ్లెంలోకి దించుతాడు మామయ్య. గుయ్యిమని మోత. కంటికి అందనిది చెవికి అందుతుంది.

మొన్నటి సంక్రాంతి కనుమ నాడు, సాయంత్రం నాలుగున్నరకి, రామాలయం పక్క ఖాళీ స్థలంలో ఇదంతా జరిగింది. నలభై మంది ఉంటారేమో. మైకు లేదు, వేదిక లేదు. తొమ్మిది కాదు, నాలుగే విన్యాసాలు. రెండో దానికే చప్పట్లు మొదలయ్యాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం చప్పట్లు కాదు. అయిపోయాక మామయ్య వయసాయనే ఒకరు ముందుకొచ్చారు. చిన్నప్పుడు మామయ్యతో గిరిలో పోటీపడి, ఎన్నో బొంగరాలు పగలగొట్టించుకున్నాయన. బొంగరం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒరే, చిన్నప్పుడు కూడా నువ్వు చేసింది ఇదేనా?" అన్నారు. "ఇదే" అన్నాడు మామయ్య. "యాభై ఏళ్లకి చూశాన్రా" అన్నారాయన.

మనవరాలిప్పుడు పదకొండో తరగతి. గాల్లో పట్టడం వచ్చేసింది. గోరు మీద నిలబెట్టడం ఇంకా రాలేదు. వాళ్ల వీధిలో ఇద్దరు ఆడపిల్లలు ఆమె దగ్గర తాడు చుట్టడం నేర్చుకుంటున్నారు. అరుగు మీద కాదు, గిరిలో నిలబడి.

మీ ఇంట్లో ఎక్కడో అటక మీద ఒక బొంగరం ఉండే ఉంటుంది. సెలవుల్లో దించండి. చుట్టూ రెండు కడియాలు, నెత్తిన ఓ బొట్టు. పిల్లల్ని ఏడు మీటర్ల లోపు కూర్చోబెట్టండి. తాడు లాగే ముందు ఒక్క క్షణం ఆగండి.

మామయ్య సంచిలో ఇప్పుడు ఐదు బొంగరాలున్నాయి. నాలుగింటికి పసుపూ నలుపూ కడియాలు. ఐదోది రంగులేని తుమ్మ కర్ర, చేతి చమటకి నల్లబడినది. దాన్ని ఎవరికీ చూపించడు. ఎండ తగ్గాక పెరట్లోకి తీసుకెళ్లి, తెల్ల తాడు చుట్టి, ఒక్కడే తిప్పుకుంటాడు. అది ఎవరికీ కనబడక్కర్లేదు.